మగ్గం మీద వస్తువూ శిల్పమూ

1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడినప్పటినుంచీ మన విమర్శలో ఒక వివాదం మళ్ళీ మళ్ళీ తల ఎత్తుతూనే ఉన్నది: రచనకు వస్తువు ముఖ్యమా, శిల్పం ముఖ్యమా? ఈ ప్రశ్నను మనం కవిత్వం మీద వేసి చూశాం, కథ మీద వేసి చూశాం. ఒంటిమీది బట్టను గురించి, చేతిలోని పనిముట్టును గురించి ఇదే ప్రశ్న వేసుకున్నది తక్కువ. తెలుగు పాఠం చెప్పుకునేవాడికి మగ్గంతో ఏమి పని అని ఎవరైనా నన్ను అడగవచ్చు. సాహిత్యంలో తెగని చిక్కు మగ్గం దగ్గర తేలికగా విడిపోతుందని నా నమ్మకం. అందుకే ఈ ప్రయత్నం.

డిజైనులో సౌందర్యానికి గల స్థానాన్ని గురించి రెండు అభిప్రాయాలు ప్రచారంలో ఉన్నాయి. సరుకు ముందు తయారవుతుంది, అందం తరవాత అద్దుతారు అన్నది మొదటిది. శ్రమజీవికి ఉపయోగం చాలు, అందం కడుపు నిండినవాడి వ్యవహారం అన్నది రెండవది. మొదటిది వ్యాపారి మాట. రెండవది మనలోనే కొందరి మాట. పైకి ఇవి పరస్పర విరుద్ధాలు. కాని రెండింటికీ పునాది ఒక్కటే: ఉపయోగం వేరు, అందం వేరు అనుకోవడం.

ఒకప్పుడు గుంటూరు జిల్లాలో, తరవాత ప్రకాశం జిల్లాలో, 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉన్న చీరాల ఈ పునాది తప్పని రుజువు చేస్తుంది. అక్కడ నేసిన తేలియా రుమాలు అరబ్బు దేశాలదాకా ఎగుమతి అయింది. ఇక్కడ దానిని బెస్తలూ పశువులకాపరులూ తలకు చుట్టుకున్నారు, నడుముకు కట్టుకున్నారు. దీని నూలును నూనెలోనూ, ఆముదపుకాయల బూడిద కలిపిన నీళ్ళలోనూ రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెడతారు. అలా చేస్తేనే అలిజరిన్ ఎరుపు నూలుకు గట్టిగా పట్టుతుంది. పేరుకు మూలమైన తైలం వాసన కూడా అందువల్ల వచ్చిందే. తరవాత పడుగునూ పేకనూ విడివిడిగా కట్లు కట్టి రంగులో ముంచుతారు. రంగు పట్టవలసిన చోటు, పట్టకూడని చోటు బట్ట పుట్టకముందే నూలు మీద నిర్ణయమైపోతుంది. మగ్గం మీద ఆ రెండూ కలిసేటప్పుడు చుక్క మీద చుక్క, గీత మీద గీత కూర్చోవాలి.

ఇందులో ఉపయోగం ఎక్కడ ముగిసింది? అందం ఎక్కడ మొదలైంది? ఎరుపు నిలవాలంటే నూనె కావాలి. ఆ నూనే బట్టకు మెత్తదనం ఇస్తుంది. ఈ రుమాలులో నుంచి అందాన్ని విడదీసి చూపమంటే నూలును కూడా విడదీయవలసిందే. 1867లో వెలువడిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో మార్క్స్ సాలీడునూ తేనెటీగనూ మనిషితో పోల్చి, మనిషి తాను చేయబోయేదాన్ని ముందుగా ఊహలో నిర్మించుకుంటాడని తేడా చెప్పాడు. ఆ ఊహ నూలు మీద కట్లుగా కనిపించేది ఇక్కడే. నేతగాడిది చేతిపని మాత్రమే, బుద్ధి మరొకరిది అనేవారికి ఈ రుమాలే జవాబు. అతని ఊహ పాతకాలంలో గడ్డకట్టుకుని ఉండిపోలేదు కూడా: రేఖాగణితపు గళ్ళు నేసిన ఆ సంప్రదాయంలోనే గడియారాలూ విమానాలూ ప్రవేశించాయి.

అందమంటే చిత్రాలేనా అంటే, కాదని మంగళగిరి చెబుతుంది. గుంటమగ్గం మీద నేసే ఆ నూలు చీర ఒంట్లో సాధారణంగా బుటా ఉండదు. వన్నె అంతా అంచుది. దానికి ‘నిజాం అంచు’ అని పేరు. మిగిలిన అందం నేత బిగువులో, నూలు నాణ్యంలో ఉన్నది. మన ఎండల్లో ఆ సాదాతనం కట్టుకున్నవారికి సుఖం. చీర చూపుకు మాత్రమే కాదు, చర్మానికి కూడా అందంగా ఉండాలి.

ఇంతవరకు చెప్పి ఆగితే చేనేతను పొగిడి చేతులు దులుపుకున్నట్టే అవుతుంది. మిరపకోతల కాలంలో మన పొలాల్లోకి వెళ్ళి చూడండి. ఘాటుకు మొహానికి గుడ్డ చుట్టుకుని కాయలు కోసే కూలి స్త్రీలలో చాలామంది ఒంటిమీద ఉండేది సింథటిక్ చీర. ప్రత్తి పండే నేల మీద ప్రత్తిబట్ట కట్టుకునే స్తోమత వారికి లేదు. చిటికి నేతను అనుకరించి అచ్చువేసిన చవుక చీరను వారిలో ఒకామె కొనుక్కుంటే, ఆమెకు అభిరుచి లేదని మనం అనగలమా? ఆమెకు అభిరుచి ఉన్నది కనకనే ఆ రంగులు ఏరుకున్నది. లేనిది కూలిడబ్బు. ఇంగ్లండులో విలియం మోరిస్‌కు ఎదురైన చిక్కు ఇదే. సోషలిస్టు అయిన ఆయన చేతిపనికి గౌరవం తేవాలని శ్రమించాడు. ఆయన సంస్థ సరుకు ఎక్కువగా చేరింది సంపన్నుల ఇళ్ళకే.

రెండో చిక్కు నేసేవారి పక్షాన ఉన్నది. తేలియా విద్యను నేడు ప్రధానంగా నిలబెడుతున్నది పూర్వపు నల్లగొండ జిల్లాలోని పుట్టపాక. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ జిల్లాలోనే చిటికి చీరల కోసం ఆసు పోసే పని స్త్రీలది. ఒక్క చీరకు వేల సార్లు చెయ్యి మేకుల చుట్టూ తిరగాలి. తల్లి భుజం నొప్పి చూసిన చింతకింది మల్లేశం ఏళ్ళ తరబడి కష్టపడి ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరు మీద లక్ష్మి అని పేరు పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నా దృష్టిలో ఆ యంత్రం ఆ చీర డిజైనులో భాగమే. చూసేవాడి కన్నుకు ఇంపుగా ఉండి, చేసేదాని భుజాన్ని విరిచే అందం సగం అందమే.

ప్రభుత్వాలు డిజైను విద్యను గుర్తించకపోలేదు. చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో భారత ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో మన ఇంటి చెంబును గొప్ప డిజైనుకు ఉదాహరణగా చూపారు. తరతరాల వాడకం దానికి ఆ రూపమిచ్చింది. 1961లో అహమ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. 2015లో ఆ పేరుతోనే మరొక సంస్థ గుంటూరు దగ్గర, నాగార్జున విశ్వవిద్యాలయ ఆవరణలో, తరగతులు ప్రారంభించింది. ఇది సంతోషించవలసిన విషయమే. అయితే ఒక ప్రశ్న అడగక తప్పదు. కాగితం మీద గీసినవారు డిజైనరూ, నూలు మీద కట్టినవారు కూలీనా? మొదటివారికి పేరూ జీతమూ, రెండవవారికి గజం లెక్కన మజూరీ ఇచ్చే ఏర్పాటు కొనసాగినంత కాలం బుద్ధినీ చేతినీ మనమే వేరు చేస్తున్నామన్నమాట.

కాబట్టి విమర్శకులుగా మనం డిజైనును మూడు విధాల పరీక్షించాలి. వాడేవారికి అది సుఖమిస్తున్నదా? చేసేవారి ఊహకూ ఒంటికీ మర్యాద ఇస్తున్నదా? పొలంలో పనిచేసే స్త్రీ దానిని కొనుక్కోగలదా? ఈ మూడింటిలో మూడవది తేల్చడం మగ్గం ఒక్కదానివల్ల కాదు. కూలి రేటు కోసం, నేతగాడి మజూరీ కోసం జరిగే పోరాటం సౌందర్యశాస్త్రానికి సంబంధించినదే అని మన తరగతి గదుల్లో చెప్పవలసి ఉన్నది.