ముప్పయ్యో వంతు

వరంగల్ కాశిబుగ్గ చౌరస్తాలో చాయ్ తాగుతూ సుంకాల మాట ఎత్తితే రెండు జవాబులొస్తాయి. రెండూ నిజమే. ఎనుమాముల మార్కెట్లో పత్తి దించి వచ్చిన రైతుకు 2025 ఆగస్టు ఒక తీరుగా గుర్తుంటుంది. పత్తి ఏరుడు మొదలయ్యే ముందు, పత్తి దిగుమతి మీదున్న 11 శాతం సుంకాన్ని కేంద్రం ఎత్తేసింది. సెప్టెంబర్ 30 దాకానే అన్నారు. పది రోజులు తిరక్కముందే ఆ గడువు డిసెంబర్ 31కి జరిగింది. మన పత్తి మార్కెట్‌కొచ్చే నెలలే అవి. కొత్తవాడలో శత్రంజీలు, అంటే జంపఖానాలు, నేసే మనిషికి ఇదే వార్త ఇంకో తీరుగా వినిపించింది. పత్తి చవకైతే నూలు చవకవుతుందేమోనని ఆశ. ఆ ఆశను నిలబడనివ్వని వార్త అదే నెలలో ఇంకొకటి ఉంది. మన సరుకు మీద అమెరికా ఆగస్టు 7 నుంచి 25 శాతం, 27 నుంచి మరో 25 శాతం సుంకం వేసింది. వంద రూపాయల సరుకుకు యాభై రూపాయల సుంకం!

ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు ఒకే సర్కారును చెరో కారణానికి తిట్టుకుంటారు. 2019లో హ్యూస్టన్‌లో మన ప్రధాని, అమెరికా అధ్యక్షుడు చేతులు పట్టుకుని తిరిగిండ్రు, 2020లో అహ్మదాబాద్ స్టేడియం నింపిండ్రు, ఆ దోస్తానా ఎటు పోయిందని ఒకరి ఎకసెక్కం. మనం మాత్రం వేస్తలేమా అని పక్కాయన అందుకుంటాడు. అది కొట్టిపారేసే మాట కాదు. ఆ 11 శాతం 2021 బడ్జెట్లో మనం వేసుకున్నదే. చేనేత మీద జీఎస్టీ ఎత్తేయమని 2022లో రాష్ట్రం నుంచి ప్రధానికి పోస్టుకార్డులు రాసిన సంగతీ అక్కడే ఎవరో ఒకరు గుర్తు చేస్తారు. పార్టీని బట్టి కోపం అటో ఇటో మళ్లుతుంది. కానీ కాసేపు చెవొగ్గితే అన్ని వాదాల అడుగునా ఒకటే ఫిర్యాదు: ఎంతో తెల్వది, ఎన్నాళ్లో తెల్వది.

సుంకం ఎంతుండాలనే దాని మీద ఈ ఊళ్లో ఎన్నటికీ ఒక మాట కుదరదు. సుంకం ఎలా రాయాలనే దానికి మాత్రం ఈ ఊరి నుంచే ఒక మంచి నమూనా వెళ్లింది, దాదాపు 780 ఏళ్ల కింద. కాకతీయ గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అంటే క్రీ.శ. 1244-45లో, మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం అది. ఇప్పటి బాపట్ల జిల్లా చినగంజాం మండలంలోని మోటుపల్లిలో, వీరభద్రాలయం దగ్గరి స్తంభం మీద ఉంది. శాసన పరిశోధకుడు హుల్ట్ష్ దాన్ని పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా 12వ సంపుటంలో అచ్చు వేయించాడు. మన పాఠ్యపుస్తకాలు దీనికి ఒక వాక్యం కేటాయించి, విదేశీ వర్తకాన్ని ప్రోత్సహించాడని చెప్పి వదిలేస్తాయి. ఆ ప్రోత్సాహం కంటే దాన్ని రాసిన పనితనం మీదనే నాకు గురి.

మొదట వంశ ప్రశస్తి. అది అన్ని శాసనాల్లో ఉండేదే, దాటేద్దాం. అసలు మాట వచనంలో మొదలవుతుంది. అది ఎవరిని ఉద్దేశించిందో గమనించండి. రాజు తన ప్రజలతో మాట్లాడటం లేదు. అన్ని ద్వీపాల నుంచి, దేశాల నుంచి, పట్టణాల నుంచి ఓడల మీద వచ్చిపోయే వర్తకులతో మాట్లాడుతున్నాడు. తన ఏలుబడిలో లేనివాడితో, రేపు ఈ తీరానికి రాకపోయినా నష్టం లేనివాడితో రాజు నేరుగా మాట్లాడటం చిన్న సంగతి కాదు. ఆ మనిషికి నమ్మకం కలగాలి. అందుకే తర్వాతి వాక్యం ఒక పాత అన్యాయాన్ని ఒప్పుకుంటుంది. తుపానుకు దెబ్బతిని, పగిలి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు సమస్తం పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారట. తప్పంతా పూర్వపు వారిదేనన్న మాట! పోయిన సర్కారు మీద నెపం వేయడం నిన్న మొన్న పుట్టిన అలవాటేం కాదు. అయినా నేరాన్ని ఇంత విడమరిచి చెప్పడం మెచ్చుకోదగ్గదే. ఏం లాక్కునేవారో పేరుపేరునా రాయకపోతే, ఇకమీద ఏది లాక్కోబోమో తేలేది కాదు.

ఆ తర్వాత వచ్చేది శాసనం మొత్తానికి తలమానికం. ప్రాణం కన్నా ధనమే గొప్పదనుకుని సముద్రయానానికి తెగించినవాళ్లకు, నిర్ణీత సుంకం పోగా మిగిలినదంతా వదిలేస్తున్నామని రాజు అంటాడు. దయతోనూ, కీర్తి కోసమూ, ధర్మం కోసమూ ఇస్తున్నానంటాడు. ఆ మాటలో వర్తకుడి మీద సన్నని వ్యంగ్యం ఉంది, కనికరమూ ఉంది. నీ ఆశ నాకు తెలుసు, నీ తెగువా తెలుసు అంటున్నట్టుంటుంది. సుంకాల పత్రంలో సుంకం కట్టేవాడి మనసు కనపడటం చాలా అరుదు. నేటి నోటిఫికేషన్లలో కట్టేవాడు ఒట్టి దిగుమతిదారు, అంతే. ఇక రాజు తన స్వార్థాన్ని పూర్తిగా దాచలేదు, పూర్తిగా చెప్పనూ లేదు. కీర్తి, పుణ్యం అన్నాడు. ఖజానా ఊసెత్తలేదు. సైన్యానికి గుర్రాలు సముద్రం మీదుగానే వచ్చేవన్న సంగతీ చెప్పలేదు. మంచి ముసాయిదా రాసేవాడికి ఏది వదిలేయాలో కూడా తెలిసుండాలి.

కవిత్వం అక్కడితో ఆగి లెక్కలు మొదలవుతాయి. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పైలో ఒక వంతు. శాతంలో చెప్పాలంటే మూడుకు కాస్త పైన. మూడు వేల సరుకుకు వంద. 2025 ఆగస్టు 27 తర్వాత అమెరికా రేవులో అదే మూడు వేల సరుకుకు పదిహేను వందలు పడ్డాయి. ముప్పయ్యో వంతు అనేసి గణపతిదేవుడి రాయసగాళ్లు ఊరుకోలేదు. సరుకు వారీగా పట్టిక ఇచ్చారు. చందనం తూకాన: తులకు ఒక గద్యాణం, ఆపైన పావు పణం, రెండూ ఆనాటి నాణేలు. దేశీ కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు విలువ మీద. వక్కలు లెక్కన, లక్షకింత అని. పట్టుబట్టలకు వేరే కొలత. దంతం, పునుగు, పన్నీరు, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు ఒక్కొక్కటిగా పట్టికలోకి ఎక్కాయి.

ఇన్ని కొలతలెందుకు? నా ఊహ ఇది: ఏ సరుకులో మోసం ఎటువైపు నుంచి జరుగుతుందో వాళ్లకు తెలుసు. ముత్యాన్ని తూచి సుంకం వేస్తే నాసిదానికీ మేలిదానికీ ఒకే రేటు పడుతుంది. కాబట్టి విలువ చూడాలి. వక్కకు విలువ కట్టబోతే బేరం తెగదు. కాబట్టి లెక్కపెట్టాలి. ఈనాటి కస్టమ్స్ పట్టికల్లోనూ ఇవే రెండు దారులున్నాయి, కొన్ని సరుకులకు తూకాననో లెక్కననో, కొన్నిటికి విలువ మీద. అంతకన్నా ముఖ్యం, ఈ పట్టిక రాతి మీదుంది, అదీ రేవులోనే ఉంది. సుంకరి నోటికొచ్చినంత అడిగితే వర్తకుడు వేలు చూపించి చదివించగలడు. చక్కగా రాసిన సుంకం కట్టేవాడిని ఎంత బిగిస్తుందో, వసూలు చేసేవాడినీ అంత బిగిస్తుంది.

మరీ పొగిడేయకూడదు. ఇది రేవు సుంకం మాత్రమే. రేవు దాటి లోపలికొస్తే దారి సుంకాలు, సంత సుంకాలు వేరు. రైతు కట్టే పన్నుల్లో దీనివల్ల ఒక్క కాసు తగ్గలేదు. అయినా రాత నిలిచింది. కాకతీయులు పోయాక, 1358లో కొండవీటి అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ అభయమిచ్చాడు. ఒక సర్కారు రాసిన వాణిజ్య విధానాన్ని తర్వాతి సర్కారు చింపేయకుండా అందుకోవడం మనం రోజూ చూసేది కాదు. ఆంధ్రతీరం గురించి చెబుతూ మార్కోపోలో, ఈ రాజ్యంలో నేసే సన్నబట్ట సాలెగూడులా ఉంటుందని రాశాడు. ఆ బట్ట ఓడెక్కింది ఈ తీరం నుంచే.

ఓరుగల్లు నేత ఓడెక్కడం అక్కడితో ఆగలేదు. 1851లో లండన్ మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలు పెట్టారు. 2018లో వరంగల్ శత్రంజీలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. కాశిబుగ్గ నుంచి కొత్తవాడకు దూరమేమీ లేదు. వెళ్లి ఒక మగ్గం ముందు కాసేపు నిలబడండి. పడుగు బిగువుగా ఉంటుంది. రంగు పేకను పడుగులోంచి లాగాక నేతగాడు దాన్ని నిటారుగా వదలడు. కొంచెం విల్లులా వంచి వదిలి, అప్పుడు పంజాతో దెబ్బ వేస్తాడు. ఆ వంపులో దాగిన అదనపు నూలు దెబ్బకు సర్దుకుని పడుగును పూర్తిగా కప్పేస్తుంది. వంపు తగ్గితే అంచులు లోపలికి గుంజుకుపోతాయి. ఎక్కువైతే పేక బుడిపెలు కడుతుంది. రెండు రంగులు నిలువుగా ఎదురయ్యేచోట ఒక పేకను రెండోదాంతో మెలేసి వెనక్కి తిప్పాలి, లేకుంటే అక్కడ చీలిక పడుతుంది. పని అయ్యాక తిరగేసి చూస్తే రెండు ముఖాలూ ఒక్క తీరే. మంచి సుంకపు పత్రంలోనూ ఆ పేకలాగే కాస్త వదులు ఉండాలి. గణపతిదేవుడు తుపానుకు చోటు వదిలాడు.

న్యాయంగా చెప్పాలంటే వాషింగ్టన్ వాళ్లు కూడా ఒకచోట ఆ వదులు ఇచ్చారు. ఆగస్టు 27కు ముందే ఓడకెక్కి, సెప్టెంబర్ 17లోగా అమెరికా చేరిన సరుకుకు అదనపు 25 శాతం పడదన్నారు. నడిసముద్రంలో ఉన్నవాడిని శిక్షించకూడదన్న బుద్ధి ఇంకా బతికే ఉందన్నమాట. కానీ మగ్గం మీదున్న సరుకుకు ఆ మినహాయింపు లేకపోయింది. శత్రంజీ వ్యవహారంలో నష్టం అక్కడే తగులుతుంది. ఆర్డరు ఖాయమైనప్పుడే ధర ఖాయమవుతుంది. ఆ తర్వాతే నూలుకు రంగు వేయాలి, పడుగు ఎక్కించాలి, నేయాలి. ఈలోగా రేటు మారితే చట్టప్రకారం సుంకం కట్టాల్సింది అక్కడి దిగుమతిదారే. ఆయన ఎగుమతిదారును తగ్గింపు అడుగుతాడు. ఎగుమతిదారు కూలి దగ్గర కోత పెట్టాలని చూస్తాడు. ఏప్రిల్ 2న ఒక రేటు ప్రకటించి, వారానికే 90 రోజులు ఆపి, ఆగస్టులో ఇంకో రేటు, అదే నెలలో దానికి రెట్టింపు అంటే, నెల రోజుల నేత పనికి ఎవడు ధర చెప్పగలడు? మొదటి 25 శాతమే స్థిరంగా ఉండి ఉంటే, తిట్టుకుంటూనే ఏదో లెక్క కట్టుకునేవారు.

మన సర్కారు పత్తి సుంకం రాసిన తీరుకూ ఇదే తప్పు పట్టాలి. మిల్లులకు చవక పత్తి కావాలనడంలో నాకు పేచీ లేదు. రైతు విత్తనం పెట్టే ముందు చెప్పాల్సిన మాటను కాయ పగిలే ముందు చెప్పడమే తప్పు. అదే రైతుకు, మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ తేమ నిబంధన మీద కూడా కోపమే. తేమ 8 శాతం దాటకుంటేనే పూర్తి మద్దతు ధర, 2025-26లో పొడుగు పింజకు క్వింటాలుకు 8,110 రూపాయలు. 12 దాటితే కొననే కొనరు. కఠినమైన నిబంధనే, ఎండలేని ఏడు మరీ కష్టం. కానీ ముందే తెలుసు కాబట్టి పత్తి ఆరబెట్టుకోవచ్చు. గడువు జరిగిపోయే సుంకాన్ని ఏ కళ్లంలో ఆరబెడతాం?

మోటుపల్లిలో ఇప్పుడు రేవు లేదు. ఊరూ గుడీ ఉన్నాయి, రాయి ఉంది. వరంగల్ కోట తోరణాల దగ్గర ఫొటోలు దిగే వేలమందికి, ఈ కోట కట్టించిన రాజు ఇంత చక్కని సుంకాల పత్రం రాయించాడని చెప్పే పలక ఒక్కటైనా ఉండాలి. పురావస్తు శాఖ కోటలో, మార్కెట్ కమిటీ ఎనుమాముల గేటు దగ్గర ఆ శాసనానికి వాడుక తెలుగు పాఠం రాయించాలి. పట్టికతో సహా, వక్కల రేటుతో సహా. దాని పక్కనే ఈనాటి దిగుమతి సుంకమెంతో, ఎప్పటిదాకానో కూడా రాసిపెడితే పత్తి రైతుకు ఇంకా మేలు.