మేకు ఎక్కడ కొట్టాలి?

బీఎఫ్‌ఏ నాలుగో ఏడు ముగిసేవేళ విద్యార్థి తన పనిని గోడకెక్కించి చూపే ప్రదర్శనను చిత్రకళాశాలల్లో ‘డిస్‌ప్లే’ అంటారు. పరీక్షా అదే, పండగా అదే. పరీక్షకులు మార్కులు వేసేది ఆ గోడను చూసి. పిల్లవాడు నాలుగేళ్లూ ఏం చేశాడో ఇంటివాళ్లు చాలామంది మొదటిసారి చూసేదీ అక్కడే. వేయడానికి ఏళ్లు పట్టిన బొమ్మలను వేలాడదీయడానికి మిగిలేది రెండు మూడు రోజులు. ఆ పనిని ఓపిగ్గా నేర్పేవాళ్లు తక్కువ.

కృష్ణా డెల్టాలో చిత్రకళ చదువుకు పాత చిరునామా మచిలీపట్నం, అంటే బందరు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాలలో 1920లలో బెంగాల్ చిత్రకారుడు ప్రమోద్ కుమార్ చటర్జీ బొమ్మలు నేర్పారు. ఆయన దగ్గర కుంచె పట్టిన అడివి బాపిరాజు తర్వాత అదే కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. చదువుతో పాటు చేతిపనీ రావాలన్నది ఆ సంస్థ పట్టుదల. నేటి విద్యార్థికి అక్కరకొచ్చేది ఆ రెండో సగమే. డిస్‌ప్లే రోజుల్లో చిత్రకారుడు కాస్త వడ్రంగి, కాస్త ఎలక్ట్రీషియన్ కూడా కావాలి.

పని నేల మీద మొదలవుతుంది. బొమ్మలన్నీ గోడ వారన పరిచి, ఏది దేని పక్కన ఉండాలో అటూ ఇటూ మార్చి చూస్తారు. కష్టమంతా తీసేయడంలో ఉంది. ఇరవైలో పన్నెండు నిలబెట్టి ఎనిమిది పక్కన పెట్టాలి. ఆ ఎనిమిదిలో తప్పకుండా ఒకటి అమ్మకు నచ్చినదై ఉంటుంది.

సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో పెరిగిన పిల్లలకు సర్దడం కొత్తేమీ కాదు. మూడో, అయిదో, ఏడో, బేసి లెక్కన మెట్లు. పైన దేవుళ్లు, కింద కొండపల్లి అంబారీ ఏనుగు, తాడెక్కే గీత కార్మికుడు. కొలువులో ఖాళీ కనిపిస్తే వెలితి. పందొమ్మిదో శతాబ్దపు పారిస్ సలాన్ చిత్ర ప్రదర్శనలోనూ అంతే, నేల నుంచి కప్పు దాకా పటం పక్కన పటం కిక్కిరిసి ఉండేది. తెల్ల గోడ మీద ఒకే వరసలో, మధ్యలో జాగా వదిలి కట్టే పద్ధతి ఇరవయ్యో శతాబ్దంలో స్థిరపడింది. దాన్నే ఏకైక పద్ధతిగా పాటించనక్కర్లేదు. చిన్న స్కెచ్‌లు యాభై ఉంటే కొలువులా గుత్తిగా కట్టడమే నయం.

ఒకే వరసయితే లెక్క కావాలి. పటాల కింది అంచులు కాకుండా నడిమి భాగాలు ఒకే ఎత్తున, నేల నుంచి దాదాపు అయిదు అడుగుల్లో ఉండాలి. 36 అంగుళాల ఎత్తున్న పటం ఉందనుకుందాం. సగం 18. వెనక కట్టిన తీగ బిగిసినప్పుడు పై అంచుకు 3 అంగుళాల కిందికి వస్తుంది. అయిదు అడుగులంటే 60 అంగుళాలు. 60కి 18 కలిపి 3 తీసేస్తే 75, అంటే ఆరడుగుల మూడంగుళాల దగ్గర మేకు. ఒక్కటి కాకుండా రెండు మేకులు కొడితే పటం ఒరగదు. పైన రసమట్టం పెట్టి చూడాలి, కంటిని నమ్మకూడదు. పాత గోడలకు ఎత్తుపల్లాలు ఎక్కువ.

బెజవాడలో (విజయవాడలో) ఇంకో చిక్కు వాతావరణం. విద్యా సంవత్సరం ముగిసేది ఎండలు నలభై డిగ్రీలు దాటే రోజుల్లో. ఆ వేడికి డబుల్ సైడ్ టేప్ జిగురు మెత్తబడి, సాయంత్రం అతికించిన పటం తెల్లారేసరికి నేల మీద ఉంటుంది. బందరు వైపు తేమ, ఉప్పుగాలి కలుస్తాయి. కాగితం ఉబ్బి అలలు తేలుతుంది, ఇనుప మేకు తుప్పుపట్టి గోడ మీద మరక దించుతుంది. పటానికీ గోడకూ మధ్య గాలి ఆడేలా వెనక మూలల్లో బెండు ముక్కలు అతికించడం చవకైన ఉపాయం. పెడన కలంకారీ లాంటి బట్ట మీది పనికి గుండుసూదులు పనికిరావు. పై అంచున గొట్టంలా కుట్టి కర్ర దూర్చి వేలాడదీయాలి, కిటికీ ఎండ తగలనివ్వకూడదు. సహజ రంగులకు, నీటి రంగులకు మ్యూజియాలు పాటించే వెలుతురు హద్దు 50 లక్స్. ట్యూబ్‌లైట్ల హాల్లో అది కుదిరే పని కాదు, కనీసం నేరుగా పడే వెలుగునైనా తప్పించాలి. అద్దం బిగించిన పటాన్ని కిటికీకి ఎదురుగా పెడితే చూసేవాళ్లకు కనిపించేది రోడ్డు మీది ఆటోలే.

చివరగా చీటీలు. పేరు, మాధ్యమం, కొలత, సంవత్సరం చాలు. కొలతలో ఎత్తు ముందు, వెడల్పు తర్వాత. చాలా ప్రదర్శనల్లో చీటీలు ఇంగ్లిష్‌లోనే ఉంటున్నాయి. చూడటానికి ఉయ్యూరు నుంచో, కైకలూరు నుంచో వచ్చిన తల్లిదండ్రులు ఏం చదువుకోవాలి? తెలుగు పైన, ఇంగ్లిష్ కింద ఉంటే ఎవరికీ నష్టం లేదు.

తలుపు దగ్గర అభిప్రాయాల పుస్తకం ఉంటుంది. పేజీల నిండా ‘చాలా బాగుంది’, కింద సంతకం. ఈసారి అలాంటి ప్రదర్శనకు వెళ్తే ఏ బొమ్మ ముందు ఎక్కువసేపు నిలబడ్డారో రాసి రండి.