ఓడ ఎందుకు కట్టబడినది? ఆదిమ జంతువుల అంతరింపు – జలప్రళయ వృత్తాంతము: ఒక విమర్శ

డైనోసార్లు ఏమైపోయాయని బిడ్డలు అడిగినప్పుడు, జలప్రళయములో నశించిపోయాయని చెప్పుట మన సంఘములలో వాడుకయైనది. ఆ విధముగా చెప్పినవారిలో ఈ వ్యాసకర్త కూడ ఒకడు. 2003 వేసవిలో యౌవనస్థుల కూడికలో నేనీ మాట చెప్పగా, ఇంటర్మీడియట్ చదువుచున్న ఒక కుఱ్ఱవాడు లేచాడు. హైదరాబాదు బిర్లా సైన్సు మ్యూజియములో డైనోసారు అస్థిపంజరమును చూచి వచ్చినవాడతడు. "అయ్యగారూ, ప్రతి జాతిలోనుండి రెండేసి ఓడలోనికి తేవాలని దేవుడే నోవహుకు చెప్పాడు కదండీ. మరి వీటిని ఎందుకు రానివ్వలేదండీ?" అని అడిగాడు. స్థలము చాలలేదేమో అన్నాను. అందరూ నవ్వారు, అతడు నవ్వలేదు. ఆ జవాబులోని తప్పు ఎంత పెద్దదో తెలిసికొనుటకు నాకు చాల సంవత్సరములు పట్టినది.

ముందు వాక్యభాగమునే చూతము. ఆది. 6:19, 6:20, 7:3 ఈ మూడు చోట్లను ఓడ ఎందుకో చెప్పుటకు బ్రతికించుట, జీవముతో కాపాడుట అనే అర్థముగల ఒకే హెబ్రీ క్రియ వాడబడినది. ఓడ వెలుపలనున్న ప్రాణులు చనిపోయినవి. వాటి జాతులు మాత్రము చావలేదు. వాటి సంతతి నిలుచుటకే ఓడ కట్టబడినది. 8:17లో బయటికి వచ్చిన ప్రాణులు భూమిమీద విస్తరించాలని దేవుడు ఆజ్ఞాపించాడు. 9:10లో ఆ ప్రాణులన్నిటితో నిబంధన చేశాడు. కాబట్టి ఒక జాతి మొత్తము జలప్రళయములో తుడిచిపెట్టబడినదని చెప్పేవాడు, తాను కాపాడదలచిన వృత్తాంతమునే కాదంటున్నాడు. విజ్ఞానశాస్త్రము వచ్చి ఖండించనక్కరలేదు, మోషే గ్రంథమే ఖండిస్తుంది.

సముద్ర జీవుల సంగతి ఇంకొకటి. ఆది. 7:21-22లో చనిపోయినవాటి పట్టీలో పక్షులు, పశువులు, మృగములు, ప్రాకు పురుగులు, మనుష్యులు ఉన్నారు. చేపలు లేవు. ఆరిన నేలమీద ఊపిరి పీల్చు వాటిని గూర్చియే రచయిత మాట్లాడుచున్నాడు. అయితే శిలలలో దొరకే అంతరించిన జీవులలో ట్రైలోబైట్లు, అమ్మోనైట్లు వంటి సముద్ర జీవులు లెక్కకు మించియున్నవి. వాటి అంతరింపును నోవహు దినములకు ముడిపెట్టుటకు వాక్యములో ఆధారమేదీ లేదు.

ఇక్కడ ఒక ప్రత్యుత్తరము వినబడుతుంది: డైనోసార్ల పిల్లలు ఓడలోనికి వెళ్లాయి, తరువాత మారిన శీతోష్ణస్థితికి తాళలేక చనిపోయాయి అని. ఇది వాక్యమునకు మొదటిదానికంటె నమ్మకమైన జవాబే. కాని ఇది చెప్పినవారు జలప్రళయము వాటిని అంతరింపజేసినదని ఇక చెప్పరాదు. మన ప్రసంగములలో ఈ రెండు మాటలును ఒకే గంటలో వినబడుట విచారకరము. యోబు 40వ అధ్యాయములోని మృగము డైనోసారే అనేవారును ఇదే చిక్కులో పడతారు. యోబు దానిని చూచియుంటే అది ప్రళయములో నశించలేదన్నమాట. మన తెలుగు బైబిలు అనువాదకులు అక్కడ నీటిగుఱ్ఱము అని వ్రాసి ఊరకున్నారు. వారి నిదానము మనకును ఉంటే బాగుండును.

జంతుజాతులు పూర్తిగా అంతరించగలవని ఎముకల ఆధారముతో స్థాపించినవాడు ఫ్రెంచి పండితుడు జార్జి క్యూవియే. 1796లో అతడు మామతు ఎముకలను బ్రతికియున్న ఏనుగుల ఎముకలతో పోల్చి, ఇది వేరొక జాతియని, ఇప్పుడు లేదని చూపాడు. ఆ తరువాత ఇంగ్లండులో ఆంగ్లికను గురువైన విలియం బక్‌లాండు, 1821లో బయటపడిన యార్కుషైరులోని కిర్క్‌డేలు గుహను పరిశోధించాడు. ఆ ఎముకలు ప్రళయజలములు కొట్టుకొని తెచ్చినవి కావు, ఆ గుహలోనే నివసించిన హైనాలు ఈడ్చుకొని వచ్చినవి అని తేల్చాడు. అయినను వాటిని కప్పిన బురద జలప్రళయమునకు సాక్ష్యమని 1823లో గ్రంథము వ్రాశాడు. 1836 నాటికి ఆ వాదమును తానే విడిచిపెట్టాడు. అతని వలెనే గురువును భూగర్భ శాస్త్రజ్ఞుడును అయిన ఆడం సెడ్జివిక్ 1831లో లండను భూగర్భ శాస్త్ర సంఘపు అధ్యక్షస్థానమునుండి తన మునుపటి అభిప్రాయమును బహిరంగముగా ఉపసంహరించుకొన్నాడు. వీరు నాస్తికులు కారు. డార్విను గ్రంథము అచ్చుకాకమునుపే, ప్రార్థించి ప్రసంగించిన చేతులతోనే రాళ్లను పట్టుకొని చూచి, తాము పొరబడ్డామని ఒప్పుకొన్నారు. మన సెమినరీలలో డార్వినును ఖండించుట నేర్పుచున్నాము గాని వీరి పేర్లు చెప్పుట లేదు.

మన ప్రసంగములలోని వాదమునకు మూలము 1961లో జాన్ విట్‌కాం, హెన్రీ మారిసు వ్రాసిన 'ద జెనెసిస్ ఫ్లడ్'. ఒకరు పాత నిబంధన బోధకుడు, ఇంకొకరు జలశాస్త్ర ఇంజనీరు. వాక్యమును తేలికగా తీసివేయకూడదనే వారి పట్టుదలను నేను గౌరవిస్తాను. అయితే శిలల పొరలను గూర్చిన వారి వాదములో అధిక భాగము 1923లో జార్జి మెక్రెడీ ప్రైసు వ్రాసినదానిపై ఆధారపడినది; ఆయన భూగర్భ శాస్త్రమును తనంతట తాను చదువుకొన్నవాడు. టెక్ససులోని పలక్సీ నదిలో మనుష్యుల అడుగులు, డైనోసార్ల అడుగులు కలిసియున్నవని కూడ ఆ గ్రంథము చూపినది. 1986లో సృష్టివాద నాయకులే ఆ ఋజువును ఇక వాడరాదని చెప్పవలసివచ్చినది. ఆ తరువాత కూడ మన తెలుగు కరపత్రములలో నేను దానిని చదివాను.

రాళ్ల సాక్ష్యము కొరకు టెక్ససుకు వెళ్లనక్కరలేదు. ఆ కుఱ్ఱవాడు చూచిన అస్థిపంజరము కోటాసారసుది. తెలంగాణలో ప్రాణహిత–గోదావరి లోయలోని యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలవి. 1988లో యాదగిరి గారు దానికి ఆ పేరు పెట్టారు. ఆ లోయలో అడుగున తాల్చేరు పొరలున్నవి, అవి మంచునదులు తెచ్చివేసిన రాళ్లతో కూడినవి. వాటిపైన సింగరేణి బొగ్గు పొరలు, అనగా అడవులు. వాటిపైన మలేరి ఎఱ్ఱమట్టి. ఆపైన చేపల శిలాజములుగల కోటా సున్నపురాయి, ఆ డైనోసార్లు అక్కడివే. మంచునది, అడవి, మైదానము, చెఱువు ఒకదానిపై ఒకటి వరుసగా ఒక్క సంవత్సరపు వరదలో ఏర్పడినవని చెప్పుటెట్లు? గుజరాతులో బాలాసినోరు దగ్గర డైనోసార్ల గుడ్లు గూళ్లలో పెట్టినవి పెట్టినట్లే దొరికినవి. లోకమంతా మునిగియుండగా అవి గూడు ఎక్కడ త్రవ్వుకొన్నవి? మన ప్రాంతములకు చేరువలోనే నాగపూరులో సేవ చేసిన స్కాట్లండు మిషనరీ స్టీఫెన్ హిస్లాపు 1855లో రాబర్టు హంటరుతో కలిసి ఆ ప్రాంతపు శిలాజములను గూర్చి వ్రాసి ప్రకటించాడు. సువార్త చెప్పుచునే రాళ్లు ఏరుకొన్నాడు.

జలప్రళయము ఒక ప్రాంతమునకే పరిమితమని కొందరంటారు. 1839లో జాన్ పై స్మిత్ అన్నాడు. దానివలన రాళ్ల చిక్కు తీరుతుంది. కాని 7:19లోని గొప్ప పర్వతముల సంగతి, పక్షులను కూడ ఓడలోనికి ఎందుకు ఎక్కించవలసివచ్చినదనే సంగతి మిగిలిపోతాయి. దానిని ఇక్కడ తేల్చబోను.

అసలు భయము వేరొకటి. శిలాజములు నోవహు కాలమువి కాకపోతే, ఆదాము పాపమునకు ముందే మరణమున్నట్టే గదా, అప్పుడు రోమా 5:12 ఏమగును? ఈ ప్రశ్న న్యాయమైనది, దీనిని ఎగతాళి చేయరాదు. డైనోసార్లు ప్రళయములో పోయాయని చెప్పించునది ఎముకలు కావు, ఈ భయమే. అయితే పౌలు అక్కడ మరణము మనుష్యులందరికి సంప్రాప్తమైనదని చెప్పుచున్నాడు, మృగముల ఊసెత్తలేదు. కీర్తన 104:21లో సింహపు పిల్లలు తమ వేటను దేవుని యొద్ద అడుగుచున్నవి. 29-30 వచనములలో ఆయన ఊపిరి తీసికొనగా ప్రాణులు మంటిపాలగుటయు, ఆయన ఆత్మవలన క్రొత్తవి కలుగుటయు ఒకే స్తోత్రములో వచ్చును. కీర్తనకారుడు దీనిని శాపముగా గాక దేవుని కార్యముగా పాడుచున్నాడు. ఆది. 1:30లో జంతువులకు పచ్చని చెట్లే ఆహారముగా ఇయ్యబడుట నాకు ఇంకను కష్టముగానే ఉన్నది. రోమా 8:20-22లో సృష్టి మూలుగుట కూడ అంతే. ఈ రెండింటిని విద్యార్థులు పరిశోధన పత్రములకు తీసికొనదగును.

ఆ కుఱ్ఱవాడు తరువాత కొంతకాలమే మందిరమునకు వచ్చాడు. నా జవాబువలననే మానివేశాడని చెప్పలేను, కాదనియు చెప్పలేను. ఈనాడతడు ఎదుట నిలిస్తే ముందు ఆది. 7:3 చదివించి, "నాయనా, నీవు అడిగినదే సరి, నేనే ఆ వచనము చూడలేదు" అంటాను. డైనోసార్లు ఎప్పుడు పోయాయి అంటే, శాస్త్రజ్ఞులు చెప్పు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల లెక్కనే చెప్పి, బైబిలు దీనిని గూర్చి మౌనముగా ఉన్నదంటాను.