అర్రేను అప్పగించే పనితనం

పైథాన్‌లోని నమ్‌పై అర్రేను సీ లేదా ఫోర్ట్రాన్ లైబ్రరీకి అప్పగించడమంటే అంకెలను మోసుకెళ్లడం కాదు, అవి మెమరీలో ఎక్కడున్నాయో చెప్పడం. వెయ్యి అడ్డు వరుసలు, వెయ్యి నిలువు వరుసల ఫ్లోట్64 మాత్రిక 80 లక్షల బైట్లు. 64 బిట్ల యంత్రంలో ఆ అంకెలకు బదులు చేతులు మారేది 8 బైట్ల చిరునామా.

పనితనమంతా ఆ చిరునామాతోపాటు చెప్పాల్సిన సంగతుల్లో ఉంది. పై వరుసలో 1, 2, 3, కింద 4, 5, 6 ఉంటే సీ వాటిని 1 2 3 4 5 6గా పేరుస్తుంది, ఫోర్ట్రాన్ 1 4 2 5 3 6గా. ఈ తేడా మరిస్తే ప్రోగ్రాం ఆగదు, జవాబే తప్పుతుంది. ఇంతకన్నా చెడ్డ తప్పు లేదు. ఇన్‌పుట్ అర్రే పేర్పు కుదరకపోతే, ఫోర్ట్రాన్‌ను పైథాన్‌కు జోడించే ఎఫ్‌టుపై చడీచప్పుడు లేకుండా నకలు తీసి పంపుతుంది. అర్రే పెద్దదైతే ఆ మర్యాద ఖరీదైనదే.

సీ లైబ్రరీలను పైథాన్ నుంచి పిలిచే సీటైప్స్‌లో ఆ ఊరట లేదు. చిరునామాను ఉత్త పూర్ణాంకంగా ఇచ్చి ఆర్గ్‌టైప్స్, అంటే ఫంక్షన్‌కు ఇచ్చే విలువల రకాలు, రాయకపోతే 64 బిట్లలో పై సగం తెగిపోవచ్చు. అందుకే చేయి తిరిగినవాళ్లు నమ్‌పైలోని ఎన్‌డీపాయింటర్‌తో అర్రే రకాన్ని, పేర్పును ముందే కట్టుదిట్టం చేస్తారు. లైబ్రరీ పని ముగిసేదాకా అర్రేను ఒక పేరుకు కట్టి ఉంచుతారు కూడా. రెండు అర్రేల మొత్తంలాంటి తాత్కాలిక ఫలితం నుంచి చిరునామా మాత్రమే తీసుకుంటే, పిలుపు చేరేలోపే పైథాన్ ఆ మెమరీని వెనక్కి లాగేసుకోవచ్చు.