కోతకూ ఒక ముహూర్తం

లాన్‌లో అడవి పూలు పూయాలంటే ముందు యూరియా మానెయ్యాలి. బలిసిన నేలలో గడ్డి ఒక్కటే ఏపుగా లేచి పక్క మొక్కల్ని ఎదగనివ్వదు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో 1856 నుంచి ఒకే గడ్డి మైదానాన్ని మడులుగా విడదీసి చూస్తున్నారు. ఎరువు ఎరగని మడుల్లో 40 దాకా జాతులున్నాయి. నత్రజని దండిగా పడి ఆమ్లం పెరిగిన మడుల్లో రెండు మూడే మిగిలాయి.

మూసారాంబాగ్‌లో మా అపార్ట్‌మెంట్ ముందు జాగాకీ ఇదే పద్ధతి పెట్టాం. ‘కొయ్యకుంటే పాములొస్తయ్ సార్’ అన్నాడు మాలి. ఆ మాటా నిజమే. అందుకే నడిచే దారి పక్కన పొట్టిగా కోయించి, మధ్యలో వదిలేస్తాం. వానలకు ముందు అక్కడక్కడా గడ్డి గీకి గునుగు గింజలు చల్లుతాం. నల్లగా మెరిసే చిన్న గింజలు. దుబ్బుల మీద పడితే లాభం లేదు, మట్టి తగలాలి. తుమ్మి, గలిజేరు పిలవకుండానే వస్తాయి. వయ్యారిభామ కూడా వస్తుంది. దాన్ని పూతకు రాకముందే వేరుతో సహా పీకెయ్యాలి.

గట్టి వాన పడ్డాక పుట్టగొడుగులు లేస్తాయి. పిల్లలు తన్నేస్తారు, పెద్దలు మందు కొట్టమంటారు. రెండూ అక్కర్లేదు. నేలలో సన్నని దారాల్లా అల్లుకుని, చచ్చిన వేళ్లనీ ఆకుల్నీ కుళ్లబెట్టేదే అసలు శిలీంధ్రం. పైకి కనబడే గొడుగు దాని కాపు. అయితే ఊళ్లో పుట్టల దగ్గర ఏరుకున్నవాటి రుచి గుర్తొచ్చి వీటిని వండొద్దు. లాన్లలో లేచే పెద్ద తెల్లగొడుగు ఒకటుంది. ముదిరాక దాని అడుగు మడతలు ఆకుపచ్చగా తిరుగుతాయి. అది విషం.

ఇక కోత. ఎల్బీనగర్ దాటాక హరిణ వనస్థలిలో ఆ పని కృష్ణజింకలు చూసుకుంటాయి. ఒకచోట ఎక్కువ మేస్తాయి, ఒకచోట తక్కువ. మనకి ఆ తెలివి క్యాలెండర్ నుంచి రావాలి. బతుకమ్మకి గునుగు తెంపేటప్పుడు మూడో వంతు చెట్టునే ఉంచాలి. దసరా దాటి, కంకి దులిపితే గింజ రాలే వేళకి మొత్తం కోసి, గడ్డి అక్కడ లేకుండా ఎత్తెయ్యాలి. వదిలేస్తే అదే కుళ్లి ఎరువై మళ్లీ గడ్డినే బలిపిస్తుంది.

ముదిరిన గునుగు కాడలు లాన్ మిషన్‌కి లొంగవు, కొడవలి కావాలి. కాబట్టి ఈసారి అసోసియేషన్ మీటింగులో ఎరువుల పద్దు కొట్టేయించి, ఆ డబ్బు కోత కూలికి రాయించండి.