చెరకు రసం, చెట్టాకు, పంది

కొలంబియాలోని కౌకా లోయలో చెరకుతో పందులు మేపే చిన్నరైతును మెచ్చుకోవాల్సింది అతని లెక్కకు. ధాన్యం దాణాలో శక్తీ మాంసకృత్తులూ కలిసే వస్తాయి. ఇతను రెంటినీ విడదీశాడు. శక్తికి గానుగాడిన చెరకు రసం. అందులో మాంసకృత్తులు దాదాపు సున్నా కనుక ఆ లోటును కాస్త సోయా, నసెదేరో అనే చెట్టు ఆకు, నీటిలో పెరిగే అజొల్లా పూడుస్తాయి. చెరకు కొనలు గొర్రెలకు, పిప్పి పొయ్యిలోకి. రసం త్వరగా పులుస్తుంది కాబట్టి ఏ రోజుది ఆ రోజే ఆడాలి, తొట్టి కడగాలి.

పీచు తింటే పంది ఎదగదన్న అభ్యంతరంలో నిజముంది; పంది కడుపు ఆవు కడుపు కాదు. అందుకే ఆకు చూడి పందికి ఎక్కువ, కూనలకు తక్కువ. రసానికి బదులు మొలాసిస్ పెడితే, అది మితిమీరినప్పుడు విరేచనాలు పట్టుకుంటాయి. అయినా ఎదుగుదల వేగమొక్కటే లాభం కాదు: కొనే దాణా తగ్గితే, కాస్త ఆలస్యమైనా మిగులు రైతుదే.