ఒక్క గంట చాలు

మణుగూరు వచ్చి బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేరిన కొత్తల్లో నాకు ఇంక్లైన్‌లో, అంటే వాలుగా దిగే సొరంగంలో, టబ్బులను తాడుతో లాగే హాలేజీ దగ్గర డ్యూటీ పడింది. ఇంజిన్ నడిపే మనిషికి కింద టబ్బుల దగ్గరున్నవాళ్లు కనిపించరు, కేక వేసినా వినిపించదు. ఇద్దరి మధ్యా రెండు తీగలు, ఒక గంట. తాడు కదులుతుండగా ఒక్క గంట మోగిందంటే ఆపెయ్యాలి. టబ్బు పట్టాలు తప్పిందా, మనిషి అడ్డం వచ్చాడా అన్నది ఆ గంటలో ఉండదు. ఆపాక తెలుస్తుంది. ముందు ఆపాలి, అంతే.

మొన్న చలికాలం మా మేనల్లుడు ఒక చిన్న రేడియో మాడ్యూల్ తెచ్చి నా ముందు పెట్టినప్పుడు ఆ గంటే గుర్తొచ్చింది. వాడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. వాళ్ల మిరప చేను గోదావరి వైపు, ఇంటికి కిలోమీటరున్నర దూరం. మోటారుకు ఆటోస్టార్టర్ ఉంది గానీ కరెంటు వచ్చిందో లేదో తెలియాలంటే మా బావ రాత్రిపూట బ్యాటరీ లైటు పట్టుకుని పురుగూ పుట్రా తిరిగే గట్ల మీద నడవాల్సిందే. చేలో ఫోను సిగ్నల్ అందదు. ఆ నడక తప్పించాలని పిల్లవాడి తాపత్రయం. నాకు చాలా నచ్చింది.

"మామా, ఇది ఎంత దూరం పోద్ది?" అన్నాడు ముందుగా. అందరూ అక్కడే మొదలుపెడతారు. నేను వాడిని రెండు ప్రశ్నలు అడిగాను. ఏం చెప్పాలి? ఎన్నిసార్లు చెప్పాలి?

వాడి మొదటి ప్రయత్నం 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేసే ఎన్‌ఆర్‌ఎఫ్24 మాడ్యూల్‌తో. పవర్ పిన్నుల మధ్య 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టాక ఇంట్లో గదికీ గదికీ చక్కగా మాట్లాడింది. చేలో మాత్రం పక్కనున్న మొక్కజొన్న దాటలేదు. తడి ఆకు ఆ తరంగాలను మింగేస్తుంది. వాన కురిసిన మర్నాడు వంద అడుగులు కూడా దాటలేదు.

తర్వాత లోరా అనే రేడియో పద్ధతికి వచ్చాం. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో సిక్లియో అనే చిన్న కంపెనీ పుట్టించింది ఇది. 2012లో సెమ్‌టెక్ అనే చిప్పుల కంపెనీ ఆ సిక్లియోను కొనుక్కుంది. పిట్ట ఈల కింది నుంచి పైకి సాగినట్టు ఫ్రీక్వెన్సీని జారుస్తూ పంపుతుంది కాబట్టి రొదలో మునిగిపోయిన సంకేతాన్ని కూడా అవతలి చిప్పు ఏరుకోగలదు. దూరం కావాలంటే ఈలను సాగదీయాలి. ఎంత సాగదీశామో చెప్పే అంకె స్ప్రెడింగ్ ఫ్యాక్టర్, మామూలుగా 7 నుంచి 12 దాకా ఉంటుంది. ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా మాటకు పట్టే సమయం దాదాపు రెట్టింపు. 7లో సెకనుకు 5,470 బిట్లు పోతే 12లో 290 చిల్లరే. మన దేశంలో 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ దాకా 2005 నుంచే లైసెన్సు అక్కర్లేదు. అందుకే 868 అని రాసి ఉన్న మాడ్యూల్ కొనాలి, 915ది కాదు. యాంటెన్నాగా 8.2 సెంటీమీటర్ల తీగ ముక్క సరిపోతుంది. అది లేకుండా మాత్రం ఎప్పుడూ ఆన్ చేయొద్దు, ట్రాన్స్‌మిటర్ కాలిపోవచ్చు.

దూరం సమస్య తీరింది. రథంగుట్ట అడ్డమొచ్చిన చోట సంకేతం పడలేదు గానీ మా బావ చేనుకు గుట్ట అడ్డం లేదు. కానీ రెండో రోజు సాయంత్రానికి బ్యాటరీ అయిపోయింది.

అసలు పని అప్పుడు మొదలైంది. కరెంటు పోయిందని చెప్పాల్సిన పరికరం కరెంటు మీద బతకకూడదు, బ్యాటరీ తప్పదు. వాడు వాడింది ఆర్డుయినో ఊనో బోర్డు. ఊరికే కూర్చున్నా దాదాపు 45 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. 2,000 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీ రెండు రోజులు కూడా నిండదు. బోర్డును పక్కన పెట్టి, అందులోని చిప్పునొక్కదాన్ని తీసుకుని, నిద్రపుచ్చడం నేర్పించాను. రేడియోను కూడా నిద్రపుచ్చితే మొత్తం 10 మైక్రో ఆంపియర్ల లోపే. మల్టీమీటర్‌తో కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త: మొదటే మైక్రో రేంజిలో పెడితే మీటరు లోపలి రెసిస్టెన్సుకు వోల్టేజి పడిపోయి చిప్పు మళ్లీ మళ్లీ రీసెట్ అవుతుంది. మిల్లీ రేంజిలో మొదలుపెట్టి, నిద్రలోకి జారాక కిందికి మార్చాలి. ఈ చిన్న కిటుకు తెలియక మేం ఒక మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నాం.

ఇక మాట. పిల్లవాడు ముచ్చటపడి "మోటారుకు కరెంటు వచ్చింది" అని తెలుగులోనే పంపుతున్నాడు. కంప్యూటర్ లెక్కలో మన అక్షరానికి, గుణింతానికి, పొల్లుకు తలా మూడు బైట్లు. ఆ మూడు మాటలకు 68 బైట్లు. స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ 10లో దాదాపు ముప్పావు సెకను గాల్లో ఉంటుంది. అదే ఒక్క బైటు పంపితే సెకనులో అయిదో వంతు. పావుగంటకోసారి చొప్పున రోజుకు 96 సార్లు, మొత్తం 20 సెకన్లు. ఆ 20 సెకన్ల మాటకు, మిగతా రోజంతా పడుకునే నిద్రకు అయ్యే ఖర్చు ఇంచుమించు సమానం. కాగితం మీద లెక్క పన్నెండేళ్లు వచ్చింది. బ్యాటరీ తనంతట తానే కారిపోతుంది కాబట్టి నేను మూడేళ్లకు నమ్ముతాను.

గోదావరి పక్కన పెరిగినవాళ్లకు చిన్న కబురు విలువ చెప్పక్కర్లేదు. భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులు: ఈ మూడు ప్రమాద హెచ్చరికలు మా ఇళ్లలో పిల్లలకు కూడా కంఠతా. 1986లో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3. ఆ రోజుల్లో ఊరంతా ఎదురుచూసింది ఆ ఒక్క అంకె కోసమే. పదితో గుణించి 713 అని రాస్తే రెండు బైట్లలో పడుతుంది. టవర్లు మూగబోయిన రాత్రి వాగు మీది వంతెన కింద నుంచి ఆ రెండు బైట్లు ఊళ్లోకి వస్తే ఎంత మేలో తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. వచ్చే వానల లోపు ఒక్క వాగుకైనా పెట్టి చూడాలని మేనల్లుడూ నేనూ అనుకున్నాం.

చేలో పెట్టింది మాత్రం పనిచేస్తోంది. కరెంటు ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. ఇంట్లో పచ్చ లైటు వెలుగుతుంది. మా బావ వారం రోజులు హాయిగా పడుకున్నాడు. ఎనిమిదో రోజు పొద్దున పోయి చూస్తే ఫుట్‌వాల్వు కారిపోయి మోటారు రాత్రంతా ఉత్తినే తిరిగింది, మడి తడవలేదు.

"కరెంటు వచ్చిందని చెప్తాంది సరే బావా, నీళ్లు పడతన్నాయో లేదో అది చెప్పదే!"

ఆయన అడిగిందే న్యాయం. ఆయనకు కావలసిన కబురు మొదటి నుంచీ అదే. మేం అడిగి తెలుసుకోలేదు. ఈ ఆదివారం డెలివరీ పైపుకు నీళ్లు పారితే కలిసే చిన్న స్విచ్చి బిగిస్తున్నాం. పంపే మాట ఏమీ పెరగదు. కరెంటుకు ఒక్క బిట్టే వాడాం, ఆ బైటులో ఇంకా ఏడు ఖాళీగా ఉన్నాయి.